ప్రాంగణంలో ఫిర్యాదు: కాలేజీల లైంగిక వేధింపుల నియమాలు, వాటి వెనుక న్యాయ నిపుణులు

భారతదేశంలో విశ్వవిద్యాలయాలు, కాలేజీలు లైంగిక వేధింపుల ఫిర్యాదులను ప్రత్యేక కమిటీల ద్వారా విచారించడం 1997 తర్వాత మొదలైన పద్ధతి. అంతకుముందు చదువుకునే అమ్మాయికి రెండే దారులుండేవి: పోలీస్ స్టేషన్, లేదా ప్రిన్సిపాల్ గది. ఈ రెంటికీ నడుమ మూడో దారి వేసినవారిలో న్యాయవాదులు, న్యాయశాస్త్ర అధ్యాపకులు, విశ్రాంత న్యాయమూర్తులు ముఖ్యులు. వారు మూడు విధాలుగా పనిచేశారు. కొందరు కోర్టుల్లో వాదించి, చట్టసభలకు నివేదికలిచ్చి నియమాలకు రూపమిచ్చారు. కొందరు కమిటీల్లో బయటి సభ్యులుగా కూర్చున్నారు. మరికొందరు స్టాండింగ్ కౌన్సెల్ హోదాలో రిజిస్ట్రార్లకు సలహాలిచ్చి, కమిటీ నిర్ణయం హైకోర్టుకు వెళ్లినప్పుడు దాన్ని సమర్థిస్తూ వాదించారు. నియమం రాయడం కన్నా, దాని ప్రకారం జరిగిన విచారణ కోర్టులో నిలబడేలా చూడటం కష్టమని ఈ చరిత్ర పొడవునా కనిపిస్తుంది.

శిక్షాస్మృతి, ప్రిన్సిపాల్ విచక్షణ

1860 నాటి భారత శిక్షాస్మృతిలో ఈ విషయానికి పనికొచ్చే సెక్షన్లు రెండు. స్త్రీ మర్యాదకు భంగం కలిగించే ఉద్దేశంతో బలప్రయోగం చేస్తే 354, మాటతోనో సైగతోనో అవమానిస్తే 509. రెండూ క్రిమినల్ సెక్షన్లే కాబట్టి నేరం సందేహానికి తావు లేకుండా రుజువు కావాలి. మార్కులు తన చేతిలో ఉన్నాయని బెదిరించే అధ్యాపకుడి గురించి గానీ, ల్యాబ్‌లో రికార్డు దిద్దే నెపంతో వేధించే వ్యక్తి గురించి గానీ ఆ సెక్షన్లు రాసినవారు ఆలోచించలేదు. అప్పటికి ఈ దేశంలో ఆడపిల్లల కాలేజీ చదువే దాదాపు లేదు.

ఆంధ్ర ప్రాంతపు కాలేజీలు మొదట మద్రాసు విశ్వవిద్యాలయం పరిధిలో ఉండేవి. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం, 1954లో తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఏర్పడ్డాయి. అమ్మాయిల సంఖ్య పెరిగేకొద్దీ కాలేజీలు వారి రక్షణ కోసం చేసిన ఏర్పాట్లన్నీ అమ్మాయిల మీదే ఆంక్షలుగా తయారయ్యాయి. సాయంత్రం ఇన్ని గంటలకల్లా హాస్టల్‌కు చేరాలి, క్లాసులో వేరే బెంచీల్లో కూర్చోవాలి, లేడీస్ వెయిటింగ్ రూమ్ దాటి రాకూడదు. వేధించినవాడి విషయం మాత్రం ప్రిన్సిపాల్ విచక్షణకే వదిలేశారు. ఆయన తలచుకుంటే తల్లిదండ్రులను పిలిపించి మందలించేవాడు, టీసీ చేతికిచ్చి పంపేసేవాడు, లేదంటే ఊరుకునేవాడు.

ఆ విచక్షణకు హద్దులేమిటన్న ప్రశ్న 1973లో సుప్రీంకోర్టుకు చేరింది. రాంచీలోని రాజేంద్ర మెడికల్ కాలేజీలో 1972 జూన్‌లో ఒక రాత్రి కొందరు విద్యార్థులు బాలికల హాస్టల్ ఆవరణలోకి నగ్నంగా చొరబడ్డారు. ప్రిన్సిపాల్ అధ్యాపకులతో కమిటీ వేశారు. కమిటీ అమ్మాయిల వాంగ్మూలాలను నిందితులు లేనప్పుడు నమోదు చేసి, ఫొటోల ద్వారా గుర్తింపు జరిపించింది. తర్వాత నిందితులను పిలిచి ఆరోపణలు చెప్పి, వారి జవాబులు తీసుకుంది. కాలేజీ వారిని బహిష్కరించింది. తమకు క్రాస్ ఎగ్జామినేషన్‌కు అవకాశం ఇవ్వలేదని, కాబట్టి బహిష్కరణ చెల్లదని విద్యార్థులు వాదించారు. కోర్టు ఒప్పుకోలేదు. సహజ న్యాయ సూత్రాలు అన్నిచోట్లా ఒకే మూసలో ఉండవని, అదే ప్రాంగణంలో తిరిగే అబ్బాయిల ఎదుట ఆ అమ్మాయిలను నిలబెట్టి ప్రశ్నలు వేయించడం వారిని ప్రమాదంలోకి నెట్టడమేనని తీర్పు చెప్పింది. హీరానాథ్ మిశ్రా కేసుగా పేరుపడ్డ ఈ తీర్పును కాలేజీల న్యాయవాదులు ఇప్పటికీ ఉదహరిస్తారు.

హైదరాబాద్ విద్యార్థినులు, నలుగురు న్యాయాధ్యాపకులు

1974లో హైదరాబాద్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయ విద్యార్థినులు ప్రగతిశీల మహిళా సంఘాన్ని నిర్మించారు. బస్సుల్లో, కాలేజీ దారుల్లో అమ్మాయిలను వేధించడం మీద, వరకట్నం మీద, అశ్లీల పోస్టర్ల మీద ఆ సంఘం ఊరేగింపులు తీసింది. తెలుగు నేల మీద విద్యార్థినులు వేధింపులను పదుగురి సమస్యగా బయటపెట్టిన తొలి ప్రయత్నాల్లో ఇది ఒకటి. 1975లో ఎమర్జెన్సీ రావడంతో ఆ కార్యకలాపాలు ఆగిపోయాయి. 1978లో హైదరాబాద్ నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో రమీజాబీ మీద జరిగిన అత్యాచారం, ఆమె భర్త మరణం నగరాన్ని అట్టుడికించాయి. జస్టిస్ ముక్తదర్ కమిషన్ ఆ ఘటన మీద విచారణ జరిపింది. పోలీస్ స్టేషనే భయపెట్టే చోటైనప్పుడు ఫిర్యాదు ఎక్కడ చేయాలన్న ప్రశ్నను ఈ కేసు ముందుకు తెచ్చింది.

మరుసటి ఏడాది న్యాయశాస్త్ర అధ్యాపకులు నేరుగా రంగంలోకి దిగారు. మహారాష్ట్రలో మథుర అనే గిరిజన బాలిక మీద పోలీసులు చేసిన అత్యాచారం కేసులో సుప్రీంకోర్టు నిందితులను వదిలేసింది. ఆ తీర్పును తప్పుపడుతూ ఉపేంద్ర బక్షి, లోతికా సర్కార్, వసుధా ధగంవార్, రఘునాథ్ కేల్కర్ 1979 సెప్టెంబరులో ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. లొంగిపోవడం వేరు, సమ్మతించడం వేరని ఆ లేఖ వాదించింది. అది దేశమంతటా మహిళా సంఘాలను కదిలించింది. 1983లో అత్యాచార చట్టానికి సవరణలు వచ్చాయి. న్యాయం బోధించేవారు తీర్పులను పాఠాలుగా చెప్పడంతో సరిపెట్టుకోకుండా వాటిని మార్పించగలరని కూడా ఆ లేఖ చూపింది. 1985లో హైదరాబాద్‌లో అన్వేషి మహిళా అధ్యయన కేంద్రం, 1991లో అస్మిత మొదలయ్యాయి. ఈ సంస్థల్లో పనిచేసినవారి నుంచే ఆ నగరంలో చట్టమూ స్త్రీల సమస్యలూ రెండూ తెలిసిన ఒక తరం తయారైంది.

ఇదే కాలంలో అమెరికాలోనూ న్యాయశాస్త్ర పండితులే ముందు నడిచారు. విద్యాసంస్థల్లో లింగ వివక్షను నిషేధిస్తూ 1972లో టైటిల్ నైన్ అనే నిబంధన వచ్చింది. లైంగిక వేధింపు కూడా వివక్షేనని కేథరిన్ మెకినన్ వాదించింది. 1979లో ఆమె పుస్తకం వెలువడింది. యేల్ విశ్వవిద్యాలయ విద్యార్థినులు వేసిన దావాకు ఆ వాదనే ఆధారం. దావా 1980లో అప్పీలు కోర్టులో ఓడిపోయినా, విశ్వవిద్యాలయాలు ఫిర్యాదుల పద్ధతులు ఏర్పాటు చేసుకోవడానికి దారితీసింది. వేధింపును పరువు మర్యాదల సమస్యగా కాక సమానత్వపు సమస్యగా చూడటం దాదాపు రెండు దశాబ్దాల తర్వాత భారత సుప్రీంకోర్టు తీర్పులోనూ కనిపిస్తుంది.

1997: ఒకే ఏడాది రెండు మలుపులు

ఆంధ్రప్రదేశ్‌కు 1997 రెండు కారణాల వల్ల ముఖ్యమైన ఏడాది. మొదటిది రాష్ట్ర శాసనసభ చేసిన ర్యాగింగ్ నిషేధ చట్టం. ఆటపట్టించి అవమానిస్తే ఆరు నెలలు, కొట్టినా బెదిరించినా ఏడాది, నిర్బంధించినా గాయపరిచినా రెండేళ్లు, అత్యాచారం వంటి తీవ్ర నేరాలకు ఐదేళ్లు, మరణానికి కారణమైతే పదేళ్లు అంటూ ఈ చట్టం శిక్షలను మెట్లు మెట్లుగా పేర్చింది. ఫిర్యాదులో నిజముందని ప్రాథమికంగా తేలితే నిందితుణ్ణి సస్పెండ్ చేసే అధికారాన్ని సంస్థ అధిపతికి ఇచ్చింది. చర్య తీసుకోకుండా ఉపేక్షించిన అధిపతిని నేరానికి సహకరించినట్టే భావిస్తామంది. ప్రిన్సిపాల్ మౌనాన్ని కూడా తప్పుగా లెక్కించడం ఇందులో కొత్త సంగతి. అయితే ఇది సీనియర్లు జూనియర్లను వేధించడం మీద దృష్టి పెట్టిన చట్టం. అధ్యాపకుడు విద్యార్థినిని వేధించే పరిస్థితి దీనిలో ఇమడదు.

రెండోది విశాఖ తీర్పు. రాజస్థాన్‌లో ప్రభుత్వ మహిళాభివృద్ధి కార్యక్రమంలో సాథిన్‌గా, అంటే గ్రామ స్థాయి కార్యకర్తగా పనిచేస్తున్న భన్వరీదేవి బాల్యవివాహాన్ని ఆపబోయినందుకు 1992లో ఊళ్లోని పెత్తందారీ కులస్థులు ఆమె మీద సామూహిక అత్యాచారం చేశారు. 1995లో కింది కోర్టు నిందితులను విడిచిపెట్టింది. పని చేసే చోట ఆడవారికి రక్షణ కల్పించే చట్టమే లేదంటూ విశాఖ అనే రాజస్థాన్ మహిళా సంస్థ, మరికొన్ని సంస్థలు సుప్రీంకోర్టుకు వెళ్లాయి. ఫాలీ నారీమన్ కోర్టుకు సహాయకుడిగా వ్యవహరించారు. 1997 ఆగస్టు 13న ప్రధాన న్యాయమూర్తి జె.ఎస్. వర్మ, జస్టిస్ సుజాతా మనోహర్, జస్టిస్ బి.ఎన్. కిర్పాల్‌లతో కూడిన ధర్మాసనం తీర్పునిచ్చింది. స్త్రీల పట్ల వివక్షను రూపుమాపే అంతర్జాతీయ ఒడంబడికను భారత్ 1993లోనే ఆమోదించినందున, రాజ్యాంగంలోని 14, 19, 21 అధికరణలను ఆ వెలుగులో చదవాలని కోర్టు చెప్పింది. పార్లమెంటు చట్టం చేసేదాకా తన మార్గదర్శకాలే చట్టంతో సమానమని ప్రకటించింది.

ఆ మార్గదర్శకాల ప్రకారం ప్రతి సంస్థలో ఫిర్యాదుల కమిటీ ఉండాలి. దానికి మహిళ అధ్యక్షత వహించాలి, సభ్యుల్లో సగానికి తక్కువ కాకుండా మహిళలుండాలి. పైనుంచి వచ్చే ఒత్తిడికి కమిటీ లొంగకుండా, ఈ విషయం తెలిసిన బయటి వ్యక్తి ఒకరుండాలి. సంస్థతో జీతభత్యాల బంధం లేని ఆ ఒక్కరి కోసమే విశ్వవిద్యాలయాలు న్యాయవాదులను, మహిళా సంఘాల కార్యకర్తలను వెతుక్కోవలసి వచ్చింది. న్యాయ సలహాదారుకు విచారణ బల్ల దగ్గర చోటు దొరికింది అక్కడే.

మొదటి కమిటీలు

విశాఖ తీర్పును ముందుగా అందిపుచ్చుకున్నవి కేంద్రీయ విశ్వవిద్యాలయాలు. ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం 1999లో జీఎస్‌క్యాష్ పేరుతో కమిటీని ఏర్పాటు చేసి, విద్యార్థులు, ఉద్యోగులు తమ ప్రతినిధులను ఎన్నుకునే పద్ధతి పెట్టింది. ఢిల్లీ విశ్వవిద్యాలయం 2004లో పదిహేను-డి అనే ఆర్డినెన్సు తెచ్చింది. హైదరాబాద్‌లో 1998లో రాష్ట్ర చట్టంతో నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం వెలిసింది. అక్కడ బోధించిన కల్పనా కన్నబిరాన్ అస్మిత వ్యవస్థాపకుల్లో ఒకరు. స్త్రీల మీద హింస, చట్టం, కులం కలిసే చోట ఆమె చేసిన పరిశోధన ఈ రంగంలోకి వచ్చిన న్యాయ విద్యార్థులకు ఆకరమైంది. 2008లో విశాఖపట్నంలో మరో జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం వచ్చింది. తర్వాత దానికి దామోదరం సంజీవయ్య పేరు పెట్టారు.

రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో చిక్కు వేరే రకం. 1991 నాటి ఆంధ్రప్రదేశ్ విశ్వవిద్యాలయాల చట్టం కింద క్రమశిక్షణ చర్యల అధికారం పాలకమండలిది. కమిటీ తప్పు జరిగిందని తేల్చినా, సర్వీసు నియమాల ప్రకారం మళ్లీ మరో శాఖాపరమైన విచారణ జరపాలన్న వాదన వచ్చేది. ఫిర్యాదుదారు అదే కథను రెండోసారి, మూడోసారి చెప్పుకోవలసి వచ్చేది. విశాఖ మార్గదర్శకాల అమలు కోరుతూ మేధా కొత్వాల్ లేలే వేసిన పిటిషన్‌లో సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్‌లో ఈ ముడి విప్పింది: ఫిర్యాదుల కమిటీ నివేదికనే శాఖాపర విచారణ నివేదికగా భావించాలంది. దీనివల్ల కమిటీ బాధ్యత బరువెక్కింది. తన నివేదిక ఆధారంగా ఒకరి ఉద్యోగం పోవచ్చు కాబట్టి, అభియోగాలు రాతపూర్వకంగా ఇవ్వడం దగ్గర నుంచి సాక్ష్యం నమోదు దాకా ప్రతిదీ పద్ధతిగా చేయాలి. చరిత్ర, రసాయనశాస్త్రం బోధించే అధ్యాపకులకు అలవాటు లేని పని ఇది. కమిటీలో చట్టం తెలిసినవారి అవసరం 2004 తర్వాతే నిజంగా తెలిసొచ్చింది.

2013 చట్టం, దానిలో విద్యార్థికి మిగిలిన ఖాళీ

2012 డిసెంబరులో ఢిల్లీలో జరిగిన అత్యాచారం, హత్య తర్వాత కేంద్రం విశాఖ తీర్పు రాసిన జస్టిస్ వర్మనే సంప్రదించింది. వర్మ, జస్టిస్ లీలా సేఠ్, గోపాల్ సుబ్రమణ్యం కమిటీ నెల రోజుల్లో, 2013 జనవరి 23న నివేదిక ఇచ్చింది. ఆశ్చర్యమేమంటే సంస్థల లోపలి కమిటీల మీద ఈ నివేదిక నమ్మకం చూపలేదు. సంస్థ తన పరువు కాపాడుకోవడానికి ఫిర్యాదును లోలోపలే అణిచేస్తుందని, కాబట్టి బయట ట్రిబ్యునల్ ఉండాలని సూచించింది. పని ప్రదేశంలో మహిళల మీద లైంగిక వేధింపులను అరికట్టేందుకు అప్పటికే లోక్‌సభ ఆమోదించిన బిల్లు మాత్రం అంతర్గత కమిటీనే కొనసాగించింది. ఆ బిల్లు చట్టమై 2013 డిసెంబరు 9న అమల్లోకి వచ్చింది. ఫిర్యాదు మూడు నెలల్లోగా చేయాలి. తగిన కారణముంటే మరో మూడు నెలలు పొడిగించవచ్చు. విచారణ 90 రోజుల్లో ముగియాలి. కమిటీని వేయని యాజమాన్యానికి 50,000 రూపాయల దాకా జరిమానా పడుతుంది. శిక్షాస్మృతిలోనూ అదే ఏడాది 354-ఎ సెక్షన్ చేరి, లైంగిక వేధింపు అన్న పేరుతోనే నేరమైంది. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో భారతీయ న్యాయ సంహితలోని 75వ సెక్షన్ ఉంది.

2013 చట్టం యజమాని, ఉద్యోగి అన్న సంబంధం చుట్టూ అల్లినది. విద్యాసంస్థ కూడా పని ప్రదేశమే కాబట్టి విద్యార్థిని ఫిర్యాదు చేయవచ్చు. కానీ వేధించినవాడు తోటి విద్యార్థి అయితే అతని మీద ఏ సర్వీసు నియమాలు వర్తిస్తాయి? జీతం కోత, ఇంక్రిమెంట్ నిలుపుదల విద్యార్థికి శిక్షలు కావు. ఈ ఖాళీని పూరించే పని విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) మీద పడింది. 2013 చివర్లో యూజీసీ టాస్క్‌ఫోర్స్ సక్షమ్ అనే నివేదిక ఇచ్చింది. అమ్మాయిల భద్రత పేరుతో హాస్టళ్లలో పెట్టే అదనపు ఆంక్షలను అది తప్పుపట్టింది.

యూజీసీ నియమావళి ఇంకా వెలువడకముందే ఆంధ్రప్రదేశ్‌లో మరో విషాదం జరిగింది. 2015 జూలైలో ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయంలో ఆర్కిటెక్చర్ విద్యార్థిని ఒకరు ఆత్మహత్య చేసుకున్నారు. సీనియర్ల వేధింపులే కారణమని ఆరోపణలు రావడంతో ప్రభుత్వం విశ్రాంత ఐఏఎస్ అధికారి బాలసుబ్రమణ్యం నాయకత్వంలో విచారణ కమిటీ వేసింది. 1997 నాటి చట్టం పుస్తకంలో ఉన్నంత మాత్రాన హాస్టల్ గదిలోకి రాదన్న సంగతి ఆ ఏడాది రాష్ట్రమంతటా చర్చకొచ్చింది. తెలంగాణలో అదే కాలంలో జేఎన్‌టీయూ హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులకు జెండర్ అంశాల మీద కోర్సు పెట్టింది. అన్వేషితో అనుబంధమున్న పరిశోధకులు దానికి ఇంగ్లిషు, తెలుగు రెండు భాషల్లో పాఠ్యపుస్తకం రాశారు.

యూజీసీ నియమావళి 2015 పేరుతో తయారై 2016 మే 2న గెజిట్‌లో వెలువడింది. దాని ప్రకారం అంతర్గత కమిటీకి విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్, కాలేజీలో అసోసియేట్ ప్రొఫెసర్ స్థాయికి తగ్గని మహిళ అధ్యక్షురాలు. ఇద్దరు అధ్యాపకులు, ఇద్దరు బోధనేతర ఉద్యోగులు, ఒక బయటి సభ్యుడు లేదా సభ్యురాలు ఉండాలి. వ్యవహారం విద్యార్థులకు సంబంధించినదైతే డిగ్రీ, పీజీ, పరిశోధక స్థాయిల నుంచి ఎన్నికైన ముగ్గురు విద్యార్థులు చేరాలి. వీసీ, రిజిస్ట్రార్, డీన్, శాఖాధిపతి వంటి అధికార పదవుల్లో ఉన్నవారు ఇందులో ఉండకూడదు. విద్యార్థికి వేయగల శిక్షలను కూడా నియమావళి పేర్కొంది: లైబ్రరీ, హాస్టల్ సౌకర్యాల నిలుపుదల, ప్రవేశ నిషేధం, సస్పెన్షన్, బహిష్కరణ, కౌన్సెలింగ్, సమాజసేవ. విచారణ జరుగుతుండగా నిందితుడైన అధ్యాపకుడు ఫిర్యాదుదారు జవాబుపత్రాలు దిద్దకుండా ఆపవచ్చు. అబ్బాయిలు, ట్రాన్స్‌జెండర్ విద్యార్థులు కూడా వేధింపులకు గురికావచ్చని గుర్తించడం 2013 చట్టంలో లేని మెరుగుదల. నియమాలు పాటించని సంస్థ యూజీసీ నిధులను, గుర్తింపును కోల్పోవచ్చు.

విచారణ గదిలో సలహాదారు పని

ఫిర్యాదు అందిన ఏడు రోజుల్లో దాని ప్రతిని ప్రతివాదికి పంపాలి. అతను పది రోజుల్లో జవాబు, సాక్షుల జాబితా ఇవ్వాలి. ఇరుపక్షాల తరఫునా లాయర్లు రాకూడదు. కాబట్టి గదిలో చట్టం తెలిసినవారు ఎవరైనా ఉంటే వారు కమిటీ సభ్యుల్లోనే ఉండాలి. ఆ వ్యక్తి చూడవలసినవి ప్రధానంగా నాలుగు. మొదటిది రుజువు స్థాయి: ఇక్కడ సందేహాతీతంగా రుజువు అక్కర్లేదు, జరిగి ఉండే అవకాశమే ఎక్కువని తేలితే చాలు. రెండోది ప్రశ్నల పద్ధతి: ఫిర్యాదుదారును ప్రతివాది ముఖాముఖి నిలదీయకుండా, ప్రశ్నలు కాగితం మీద తీసుకుని కమిటీ ద్వారా అడిగించడం. మూడోది గోప్యత: పేర్లు, వివరాలు బయటికి పొక్కకూడదు, సమాచార హక్కు చట్టం కింద కూడా ఇవ్వకూడదు. నాలుగోది అబద్ధపు ఫిర్యాదు అన్న మాట వాడే ముందు జాగ్రత్త: రుజువు చేయలేకపోవడం, అబద్ధం చెప్పడం ఒకటి కాదని చట్టమే స్పష్టంగా చెప్పింది. రాజీకి ఫిర్యాదుదారే ముందుకు రావాలి. డబ్బు మీద రాజీ కుదర్చకూడదు.

ఇక్కడ పొరపాటు జరిగితే ఎంత నష్టమో గోవా విశ్వవిద్యాలయం కేసు చూపింది. అక్కడి ఒక శాఖాధిపతి మీద 2009లో విద్యార్థినులు ఫిర్యాదు చేశారు. కమిటీ వెంటవెంటనే సమావేశాలు పెట్టి, గడువు అడిగినా ఇవ్వకుండా ముగించింది. ఆయన ఉద్యోగం పోయింది. బొంబాయి హైకోర్టు ఆ నిర్ణయాన్ని సమర్థించింది. 2023 మే 12న సుప్రీంకోర్టు, అంత తొందరలో ఆయనకు తన వాదన వినిపించుకునే అవకాశం చిక్కలేదంటూ దాన్ని కొట్టేసి, విచారణను మళ్లీ కమిటీకే పంపింది. తీర్పు ఇచ్చిన జస్టిస్ హిమా కోహ్లీ అంతకుముందు తెలంగాణ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి. ఆరోపణ నిజమా కాదా అన్నది తేలకుండానే ఫిర్యాదుదారులకు పద్నాలుగేళ్లు గడిచిపోయాయి. అమెరికాలోనూ ఇదే వాదన చెలరేగింది: ప్రతివాది హక్కులకు తమ విశ్వవిద్యాలయపు కొత్త నియమాల్లో చోటు లేదంటూ 2014లో హార్వర్డ్ న్యాయ అధ్యాపకులు 28 మంది బహిరంగంగా అభ్యంతరం చెప్పారు. ప్రతివాదికి న్యాయంగా అవకాశమివ్వడం చివరికి ఫిర్యాదుదారుకూ రక్షణే అవుతుందన్నది గోవా తీర్పు సారాంశం.

ఫిర్యాదు సంస్థ అధిపతి మీదే అయితే అంతర్గత కమిటీ పనికిరాదు. జిల్లా స్థాయిలో ఉండే స్థానిక కమిటీకి వెళ్లాలి. కోల్‌కతా జాతీయ న్యాయ విశ్వవిద్యాలయ ఉపకులపతి మీద వచ్చిన ఫిర్యాదు అలాంటిదే. గడువు దాటిందని స్థానిక కమిటీ దాన్ని తోసిపుచ్చింది. 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆ నిర్ణయాన్ని సమర్థిస్తూనే, తీర్పు విషయం ఆయన బయోడేటాలో నమోదు కావాలని ఆదేశించింది. న్యాయం బోధించే సంస్థలోనే గడువు లెక్క దగ్గర ఫిర్యాదు ఆగిపోయిందంటే, సలహా ఎంత ముందుగా అందాలో అర్థమవుతుంది.

పామూరు నుంచి చూస్తే

ఈ నియమాలు చిన్న ఊళ్లో ఎలా పనిచేస్తాయో చూడటానికి పామూరు మండల కేంద్రం ఒక ఉదాహరణ. ఆ ప్రాంతం 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా నెల్లూరు జిల్లా కనిగిరి తాలూకాలో ఉండేది.  1972లో కొత్త జిల్లాకు ప్రకాశం పంతులు పేరు పెట్టారు. పాత రోజుల్లో ఇక్కడివారికి డిగ్రీ చదువంటే నెల్లూరు వీఆర్ కాలేజీ, 1951లో మొదలైన కావలి జవహర్ భారతి వంటివి. 1976లో నాగార్జున విశ్వవిద్యాలయం వచ్చాక ప్రకాశం జిల్లా దాని పరిధిలోకి వెళ్లింది. ఇప్పుడు ఒంగోలులోనే 2022లో ఏర్పడిన ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయం ఉంది. విశ్వవిద్యాలయం మారినా, యూజీసీ నియమావళి అనుబంధ కాలేజీలన్నిటికీ ఒకేలా వర్తిస్తుంది.

పట్టణ విశ్వవిద్యాలయాన్ని దృష్టిలో పెట్టుకుని రాసిన ఆ నియమాలు మండల కేంద్రానికి చేరేసరికి కొన్ని చోట్ల అతకవు. పామూరు వంటి చోట ఉండేవి ఎక్కువగా జూనియర్ కాలేజీలు, చిన్న ప్రైవేటు డిగ్రీ కాలేజీలు. చిన్న డిగ్రీ కాలేజీలో అసోసియేట్ ప్రొఫెసర్ హోదా ఉన్న మహిళ దొరకడం కష్టం; పరిశోధక విద్యార్థులు అసలే ఉండరు. జూనియర్ కాలేజీ ఇంటర్మీడియట్ బోర్డు కింద నడుస్తుంది కాబట్టి యూజీసీ నియమావళి వర్తించదు. అక్కడ పది మంది ఉద్యోగులుంటే 2013 చట్టం ప్రకారం అంతర్గత కమిటీ ఉండాలి. అంతకు తక్కువైతే స్థానిక కమిటీయే దిక్కు. పైగా ఇంటర్ విద్యార్థినులు ఎక్కువమంది 18 ఏళ్లలోపువారు. వారి విషయంలో పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం వర్తిస్తుంది. నేరం గురించి తెలిసినవారు పోలీసులకు చెప్పకపోవడం కూడా నేరమే. కమిటీ వేశాం, లోపలే చూసుకుంటాం అని ప్రిన్సిపాల్ అనుకుంటే కుదరదు. చిన్న కాలేజీకి న్యాయ సలహాదారు చెప్పవలసిన మొదటి విషయం ఇదే.

2013 చట్టం ప్రతి మండలంలో నోడల్ అధికారి ఉండాలని, అందిన ఫిర్యాదును ఏడు రోజుల్లో జిల్లా స్థానిక కమిటీకి పంపాలని చెప్పింది. స్థానిక కమిటీలో కనీసం ఒకరికి చట్ట పరిజ్ఞానం ఉంటే మంచిదంది. దళిత, ఆదివాసీ, వెనుకబడిన, మైనారిటీ వర్గాల మహిళ ఒకరైనా ఉండాలంది. చాలా రాష్ట్రాల్లో ఈ నియామకాలు జరగకపోవడంతో 2024 డిసెంబరు 3న సుప్రీంకోర్టు గడువులు పెట్టింది: డిసెంబరు 31 లోగా జిల్లా అధికారులను, తర్వాతి నెలాఖరుకల్లా స్థానిక కమిటీలను నియమించాలని, షీబాక్స్ అనే ఆన్‌లైన్ వేదికలో వివరాలు చేర్చాలని ఆదేశించింది.

బయటి సభ్యులకు చట్టం ఇచ్చే భత్యం ఆ సీటు విలువను ఎంత తక్కువగా అంచనా వేసిందో చెబుతుంది. 2013 నియమాల ప్రకారం విచారణ జరిగిన రోజుకు 200 రూపాయలు, దారి ఖర్చులు. ఒంగోలులో ప్రాక్టీసు చేసే న్యాయవాది పొదిలి, కనిగిరి మీదుగా పామూరు వచ్చి ఒక విచారణకు కూర్చుంటే రోజంతా పోతుంది. కేసు ముగిసేదాకా అలాంటి రోజులు అనేకం. అందుకే చిన్న కాలేజీల కమిటీల్లో బయటి సభ్యుల పేరు న్యాక్ గుర్తింపు కోసం ఇచ్చే నివేదికలో కనిపించినంత తేలిగ్గా వారు విచారణ గదిలో కనిపించరు.

ఈ లోటు తీర్చడానికి ఉన్న వనరులు కొత్తవి కావు. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ కింద మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకూ మండల న్యాయ సేవా కమిటీలకూ ప్యానెల్ న్యాయవాదులుంటారు. ఒక్కో కాలేజీ విడిగా ఒక బయటి వ్యక్తిని వెతుక్కునే బదులు, విశ్వవిద్యాలయం ఆ ప్యానెల్ నుంచీ న్యాయ కళాశాలల అధ్యాపకుల నుంచీ ఒక జాబితా తయారుచేసి, తగిన గౌరవ వేతనంతో అనుబంధ కాలేజీలకు పంపడానికి ఏ నియమమూ అడ్డు రాదు. 1997లో సుప్రీంకోర్టు బయటి వ్యక్తికి చోటిచ్చింది సంస్థ ఒత్తిడి నుంచి కమిటీని కాపాడటానికి. ఆ ఒత్తిడి అందరూ అందరికీ తెలిసిన చిన్న ఊళ్లో మరీ ఎక్కువ. బయటి సభ్యులు కరువయ్యేది కూడా అక్కడే.